బోరు నీళ్ల ఊళ్లో కారు కడగడం: అనంతపురంలో నా పద్ధతి

అనంతపురంలో ముదురు రంగు కారును బోరు నీళ్లతో కడిగి, తుడవకుండా పది నిమిషాలు ఎండలో వదిలేస్తే చాలు, బానెట్ నిండా తెల్లటి వలయాలు తేలతాయి. మళ్లీ కడిగితే పోవు. గట్టిగా రుద్దితే మచ్చ అలాగే ఉండి చుట్టూ గీతలు పడతాయి. ఈ ఊళ్లో కారుకు మురికితో కంటే నీళ్లతోనే ఎక్కువ పేచీ. ఇది అర్థమయ్యాక నేను షాంపూ, వ్యాక్సుల వేట ఆపి ముందు నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్నాను. పెన్నులా ఉంటుంది, కొన్ని వందల రూపాయల వస్తువు. కారు సామాన్ల జాబితాలో దీన్ని ఎవరూ చెప్పరు, కానీ మిగతావన్నీ దీన్ని బట్టే తేలతాయి.

ఇంట్లో దొరికే నీళ్లన్నీ ఒక్కో గ్లాసులో పట్టి చూశాను. బోరు నీళ్లు 1,100 దాటాయి. కొళాయి నీళ్లు అందులో మూడో వంతు దగ్గర ఉన్నాయి. ఆర్వో నీళ్లు 60 చిల్లర, ఏసీ పైపు నుంచి కారేవి 20 లోపే. ఈ అంకె లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెబుతుంది. 1,000 అంటే ఒక లీటరు ఆవిరైతే ఒక గ్రాము తెల్లటి పొడి మిగులుతుందన్నమాట. కడిగిన కారును తుడవకుండా వదిలితే ఆ పొడి అంతా పెయింటు మీదే మిగులుతుంది. తాగే నీళ్లకు భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి తాగడానికి పనికొచ్చే నీళ్లు కారుకు పనికొస్తాయన్న లెక్క కుదరదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా చూస్తుంటాను. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని బక్కెట్లో పట్టి, వాటితోనే కారు కడుగుతారు. పొదుపు మంచిదే కానీ, మంచినీళ్లు ఒక పక్కకు తీసేశాక మిగిలిన లవణాలన్నీ ఆ బయటి నీళ్లలో చిక్కబడి ఉంటాయి. మీటరు పెడితే అసలు బోరు నీళ్ల కంటే ఎక్కువే చూపిస్తుంది. ఆ నీళ్లు చక్రాలకు, రబ్బరు మ్యాట్లకు, వాకిట్లో చల్లడానికి వాడుకోవచ్చు, బానెట్ మీద మాత్రం వద్దు. రెండోది వాటర్ సాఫ్ట్‌నర్ ఉన్న అపార్ట్‌మెంట్ల వాళ్లది. సాఫ్ట్‌నర్ పెట్టినా మీటరు అంకె తగ్గలేదు, మిషన్ మోసం అంటారు. సాఫ్ట్‌నర్ లవణాన్ని తీసేయదు, కాల్షియం, మెగ్నీషియం స్థానంలో సోడియం పెడుతుంది. అంకె దాదాపు అంతే ఉంటుంది కానీ మిగిలే మచ్చ సున్నంలా గట్టిపడదు, తడిగుడ్డకు వచ్చేస్తుంది. అలాంటి నీళ్లున్న వాళ్ల పని సగం తగ్గినట్టే.

కాబట్టి నా దగ్గర నీళ్లకు మూడు వాడకాలున్నాయి. మొదటిసారి దుమ్ము వదిలించడానికి, చక్రాలకు బోరు నీళ్లు. షాంపూ కలపడానికి కొళాయి నీళ్లు. చివర కడగడానికి ఆర్వో నీళ్లో, ఏసీ నీళ్లో 5 లీటర్లు. ఏసీ నీళ్లను పలచటి గుడ్డతో వడగట్టాలి, లోపలి రేకుల మీది దుమ్ము కలిసి వస్తుంది. వాటిని నాలుగైదు రోజులకు మించి నిలవ పెట్టను, క్యాను అడుగున జిగురు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సరిగ్గా అవసరమైనప్పుడే ఏసీ నీళ్లు తక్కువ కారతాయి. వానలు మొదలయ్యాక బక్కెట్టు త్వరగా నిండుతుంది.

నీళ్ల తర్వాత దుమ్ము. మన ఎర్రమన్ను గ్రానైటు రాయి అరిగి వచ్చింది, అందులో క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది. దాని గట్టిదనం మోస్ కొలతలో 10కి 7, అంటే గాజును కూడా గీస్తుంది. కారు పైపొర క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలచన. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలికి ఈ ఎర్రదుమ్ము రోజూ కారు మీద పరుచుకుంటుంది. పొద్దున్నే పొడిగుడ్డతో ఫటఫటా దులిపి బయలుదేరే అలవాటు ఉందే, సర్వీసు సెంటర్లో అడిగే పాలిష్ ఖర్చుకు అదే మూలం. ఎండలో నిలబడి చూస్తే సాలెగూడులా గుండ్రంగా మెరిసే సన్నగీతలు కనిపిస్తాయి, స్విర్ల్స్ అంటారు. వాటిలో ఎక్కువ భాగం ఈ పొడి తుడుపు పుణ్యమే. వ్యాక్సు పట్టించిన పోగుల డస్టర్ మామూలు గుడ్డ కంటే నయం, అదీ ఒక రోజు దుమ్ముకైతేనే. నొక్కకుండా, బరువు పెట్టకుండా, ఒక్క దిక్కున లాగి, ప్రతిసారీ పక్కకు విదిలించాలి. వేలు పెడితే గీత పడేంత దుమ్ము ఉన్నప్పుడు డస్టర్ ముట్టుకోవద్దు. చినుకులు పడి ఆరిన దుమ్ము మీద అసలే వద్దు.

షాంపూ విషయంలో నేను చూసేది ఒకటే: సీసా మీద పీహెచ్ న్యూట్రల్, అంటే ఆమ్లమూ కాదు క్షారమూ కాదు, అని ఉందా లేదా. బట్టల పౌడరు క్షారం. గిన్నెల లిక్విడ్ పెయింటును వెంటనే పాడు చేయదు కానీ, జిడ్డు తీయడానికి చేసింది కాబట్టి వేసిన వ్యాక్సును కూడా జిడ్డనుకుని తీసేస్తుంది. తలకు పెట్టుకునే షాంపూ కూడా పని కాదు, అందులోని కండిషనర్ పదార్థాలు కారు గ్లాసు మీద మబ్బులా మిగులుతాయి. వ్యాక్సు కలిపిన షాంపూలు వస్తున్నాయి, మెరుపు ఒక వారం బాగుంటుంది. కానీ క్లే (పెయింటుకు అతుక్కున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) పట్టి సీలెంట్ (పైన వేసే రక్షణ పూత) వేసే రోజు మాత్రం వ్యాక్సు లేని మామూలు షాంపూయే కావాలి. మెగ్వయర్స్, 3ఎం, టర్టిల్ వ్యాక్స్, సోనాక్స్, మన దేశంలో తయారయ్యే వేవెక్స్, ఏది కొన్నా న్యూట్రల్ రకం అయితే పెద్ద తేడా కనిపించలేదు. తేడా పాళ్లలో ఉంటుంది. నేను వాడేదానికి 10 లీటర్లకు 20 మిల్లీలీటర్లు చాలు. మీది మీ సీసా వెనక రాసి ఉంటుంది, మూతతో అందాజుగా పోయకుండా దగ్గు మందు కొలత కప్పు ఒకటి పక్కన పెట్టుకోండి. ఉప్పునీళ్లలో నురగ తగ్గుతుంది, అది చూసి ఇంకో రెండు మూతలు పోస్తే జరిగేది ఒక్కటే, పొడి కట్టిన షాంపూ తలుపు సందుల్లో తెల్లగా మిగలడం. నురగ తక్కువైనా చేతికి జారుడుగా తగిలితే సరిపోయినట్టే.

గుడ్డల మీద మాత్రం చెయ్యి ముడుచుకోవద్దు. కడగడానికి పోగులు పోగులుగా ఉండే మైక్రోఫైబర్ గ్లౌజు ఒకటి. స్పాంజి వద్దు, చదునుగా ఉండడంతో ఇసుక రేణువు దానికీ పెయింటుకీ మధ్య ఇరుక్కుని గీస్తూ పోతుంది. పోగుల్లో అయితే రేణువు లోపలికి వెళ్లిపోతుంది. వ్యాక్సు తుడవడానికి, లోపలికి 300 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో చెప్పే అంకె) గుడ్డలు ఆరు. నీళ్లు పీల్చడానికి 1,000 జీఎస్ఎం పైన ఉన్న పెద్ద టవల్ ఒకటి, 60 సెంటీమీటర్లకు 90 ఉంటే కారు మొత్తానికి వస్తుంది. పోగుల్లో పాలియెస్టర్ 80, పాలిమైడ్ 20 అని రాసి ఉంటే మంచి రకం. పాలిమైడ్ ఎక్కువైతే నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. అంచు కుట్టు గట్టిగా ఉన్నా, మూల లేబుల్ ఉన్నా కత్తిరించేయాలి. పాత బనియన్, పాత పంచె మెత్తగానే ఉంటాయి, నీళ్లూ పీలుస్తాయి. కానీ దుమ్మును పైకి లేపవు, ఈడ్చుకుంటూ పోతాయి.

కడిగే వేళ పొద్దున ఏడుకు ముందు, లేదా పొద్దు గూకినాక. నీడ ఉంటే చాలనుకోవద్దు, రేకు వేడి చూడాలి. అరచేయి బానెట్ మీద ఐదు సెకన్లు పెట్టగలిగితే కడగొచ్చు. బండి ఇప్పుడే తిరిగొస్తే బానెట్ లోపలి నుంచి కాగుతూ ఉంటుంది, బ్రేకు డిస్కులు ఇంకా వేడిగా ఉంటాయి. వాటి మీద ఒక్కసారిగా చల్లనీళ్లు పడితే డిస్కు వంకర పోయే ప్రమాదం ఉంది, తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా అదురుతుంది. గంట ఆగితే పోయేదేం లేదు.

మొదట చక్రాలు, వేరే బక్కెట్టు, వేరే బ్రష్షుతో. చివర్లో కడిగితే చక్రాల నల్లనీళ్లు కడిగిన తలుపుల మీద చిందుతాయి. తర్వాత పైనుంచి కిందకు బోరు నీళ్లతో దుమ్ము వదిలించాలి. ప్రెషర్ వాషర్ ఉంటే అడుగు దూరం తగ్గకుండా పట్టుకోవాలి, పెయింటు లేచిన చోట, స్టిక్కర్ అంచు మీద, రేడియేటర్ జాలీ మీద దగ్గరగా కొట్టకూడదు. లేకపోతే 2 లీటర్ల పంపు స్ప్రేయర్ చాలు. లీటరున్నర నీళ్లలో 30 మిల్లీలీటర్ల షాంపూ కలిపి కారంతా కొట్టి, చలికాలంలో ఐదు నిమిషాలు, ఎండాకాలంలో రెండు నిమిషాలు నానబెడతాను. ఆరిపోనివ్వకూడదు. చేయి తగలకముందే ఎంత ఇసుక జారిపోతే అంత లాభం.

తర్వాత రెండు బక్కెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు, అడుగున జాలీ పళ్లెం ఉంటే దిగిన ఇసుక మళ్లీ పైకి లేవదు. గ్లౌజు షాంపూలో ముంచి ఒక భాగం కడిగి, ఉత్త నీళ్లలో జాలీకేసి రుద్ది పిండి, మళ్లీ షాంపూలో ముంచాలి. రూఫు, గ్లాసులు, బానెట్, డిక్కీ, తలుపుల పైసగం, ఆ తర్వాత కింది సగం, చివరికి బంపర్లు. చేతిని గుండ్రంగా తిప్పకుండా ముందుకు వెనక్కు నేరుగా నడపాలి. గీత పడినా నేరు గీత ఒక్క కోణంలోనే కనిపిస్తుంది, గుండ్రటి గీత ఏ పక్కనుంచి చూసినా ఎండకు మెరుస్తుంది. ఎండాకాలంలో ఒక పక్క కడిగి వెంటనే నీళ్లు పోసి, తర్వాతే రెండో పక్కకు పోవాలి. మొత్తం షాంపూ పట్టించి ఒకేసారి కడుగుదామంటే మొదట రుద్దినది ఆరి మరకవుతుంది.

షాంపూ పోవడానికి కొళాయి నీళ్లు ధారగా పోసి, ఆ తడి ఆరకముందే ఆర్వో నీళ్లు 5 లీటర్లు. పైపుకు తుంపర మూతి పెట్టకూడదు, మెల్లగా రూఫు మీద పోస్తే నీళ్లు ఒక పొరలా జారి తమతో పాటు చుక్కల్ని లాక్కుపోతాయి. మొక్కలకు నీళ్లు పోసే క్యాను, జల్లెడ మూతి తీసేస్తే, ఈ పనికి బాగా సరిపోతుంది. తర్వాత టవల్‌ను రేకు మీద పరిచి, రుద్దకుండా రెండు కొసలు పట్టి మన వైపు లాగడమే. అద్దాల కింద, తలుపు పిడుల్లో, నంబర్ ప్లేటు వెనక, పెట్రోలు మూత సందులో, వెనక లైట్ల అంచుల్లో నీళ్లు దాక్కుంటాయి. తుడవడం అయిపోయిందని లోపలికి వెళ్లిన పావుగంటకు అవి బయటికి కారి, గీతలా తెల్లగా ఆరతాయి. చిన్న ఎయిర్ బ్లోయర్ ఉంటే ఈ సందుల్లో ఊదాలి. లేకపోతే వీధి చివరి దాకా వెళ్లి నాలుగు బ్రేకులు కొట్టి వస్తే సగం నీళ్లు బయటికొస్తాయి, అప్పుడు ఇంకోసారి తుడవాలి. బ్రేకులు ఆరడానికి కూడా ఇది మంచిదే.

నీళ్లు లేని రోజులకు రిన్స్‌లెస్ వాష్ అనే ద్రావణం ఉంది. నిజం చెప్పాలంటే అనంతపురానికి ఇదే సరైన సరుకు. ఎక్కువ రకాలు 1కి 256 పాళ్లలో కలుపుతారు, అంటే 4 లీటర్ల నీళ్లలో సుమారు 15 మిల్లీలీటర్లు. అందులోని పాలిమర్లు దుమ్ము రేణువును చుట్టేసి జారుడుగా చేస్తాయి, తర్వాత నీళ్లు పోయాల్సిన పని లేదు. ఆ 4 లీటర్లు ఆర్వో నీళ్లే కావచ్చు, కాబట్టి మచ్చల బెడదే ఉండదు. ముందు స్ప్రే చేసి రెండు నిమిషాలు నానబెట్టి, తడి మైక్రోఫైబర్‌ను నాలుగు మడతలు పెట్టి, ఒక మడతతో ఒక్కసారే లాగి మడత మార్చాలి. ఒక గుడ్డకు ఎనిమిది ముఖాలు వస్తాయి, కారుకు నాలుగైదు గుడ్డలు. మురికైన గుడ్డను మళ్లీ ఆ బక్కెట్లో ముంచకూడదు. గొట్టం పైపు నిమిషానికి పది పదిహేను లీటర్లు పోసే చోట ఇది 4 లీటర్లలో అయిపోతుంది. బురద పట్టిన బండికి మాత్రం ఇది పనికిరాదు, ముందు నీళ్లు కొట్టాల్సిందే.

ఇప్పటికే మచ్చలు పడి ఉంటే రెండు రకాలు ఉంటాయి. పైన పేరుకున్న సున్నం ఒకటి, లోపలికి దిగి పెయింటును తిన్న గుంట ఇంకోటి. మొదటిదానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు, లీటరు ఆర్వో నీళ్లలో 15 గ్రాములు. లేదా తెల్ల వెనిగర్, సగానికి సగం నీళ్లు. కడిగిన, చల్లగా ఉన్న రేకు మీద ఆ నీళ్లలో తడిపిన గుడ్డ పరిచి ఒక నిమిషం ఉంచి, మెల్లగా తుడిచి, బాగా నీళ్లు పోసి, షాంపూతో ఒకసారి కడగాలి. ఎండలో చేస్తే ఆమ్లం చిక్కబడి, తీయాలనుకున్న మచ్చ కంటే పెద్ద మచ్చ అవుతుంది. క్రోమియం పట్టీల మీద, పాలిష్ లేని అల్యూమినియం మీద నిలవనివ్వద్దు. రెండు సార్లకు పోకపోతే మూడోసారి పాళ్లు పెంచడం కాదు పరిష్కారం. గ్రానైటు నేలల బోరు నీళ్లలో సిలికా కూడా ఉంటుంది, అది నిమ్మ ఉప్పుకు లొంగదు. వేలిగోటితో తాకితే పైకి తగిలేది పైన పేరుకున్న సున్నమో, సిలికానో, నున్నగా ఉండి కంటికి మాత్రం కనిపించేది గుంట. గుంటకు పాలిష్ ఒక్కటే మందు, ప్రతి పాలిష్‌కూ ఆ 40 మైక్రాన్లలో కొంత పోతుంది. కాంపౌండు (పెయింటును అరగదీసే పేస్టు), మిషన్ పనిని ఇంట్లో మొదలుపెట్టమని నేను చెప్పను.

ముందు గ్లాసు మీది మచ్చలు ఇంకా మొండివి. రాత్రి ఎదురు లైట్లు పడినప్పుడు కళ్లు చెదురుతున్నాయంటే ఆ పొరే కారణం. నిమ్మ ఉప్పు పనిచేయకపోతే సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్లతో పెరుగులా కలిపి, ఫెల్ట్ ముక్కతో, తడి ఆరకుండా, చిన్న చిన్న భాగాలుగా రుద్దాలి. చేత్తో అయితే గ్లాసు అంతటికీ గంట పైనే పడుతుంది. అది గ్లాసు పాలిషే, పెయింటు మీద పడనివ్వొద్దు. వైపర్ డబ్బాలో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంటే ఈ శ్రమ మూడు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది, పైగా నీళ్లు చిమ్మే సన్న రంధ్రాలు సున్నం పట్టి మూసుకుపోతాయి. అందులో ఆర్వో నీళ్లే పోయాలి.

క్లే బార్ ఏడాదికి ఒకసారి, మహా అయితే రెండుసార్లు. అవసరమో కాదో తేల్చుకోవడానికి కడిగిన బానెట్ మీద పలచటి పాలిథీన్ సంచి తొడిగిన వేళ్లతో తడమాలి. గరుకు తగిలితే కావాలి. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీల వెనక రోజూ తిరిగే బండికి తప్పకుండా తగులుతుంది. సిమెంటు దుమ్ము మీద మంచు పడితే అక్కడే గట్టిపడుతుంది. దాన్ని పొడిగా గోకకుండా ముందు నిమ్మ ఉప్పు నీళ్లతో కరిగించి, తర్వాతే క్లే. 100 గ్రాముల బారును మూడు ముక్కలు చేసి, ఒక ముక్కను అరచేతిలో రొట్టెలా ఒత్తి, షాంపూ నీళ్లు ధారాళంగా కొట్టి, బరువు పెట్టకుండా జరపాలి. గరగర చప్పుడు తగ్గి జారడం మొదలైతే అక్కడ అయిపోయినట్టు. మురికి కనిపించగానే మడిచి కొత్త ముఖం తీయాలి. కింద పడితే ఆ ముక్కను పారేయాలి, కడిగినా అందులోని ఇసుక పోదు. ఎండాకాలంలో క్లే జిగటగా మారి పెయింటుకు అంటుకుంటుంది, పక్కన చల్లనీళ్ల గిన్నెలో వేసి ఉంచండి. నల్ల కారు మీద క్లే సన్నటి మసక గీతలు వదలొచ్చు, అందుకే ఊరికే పెట్టొద్దు.

క్లే పెట్టాక పైన ఏ రక్షణా మిగలదు, అదే రోజు సీలెంట్ వేయాలి. కార్నౌబా అనే చెట్టు ఆకుల నుంచి తీసే వ్యాక్సు కంటికి ఇంపుగా ఉంటుంది, మే నెల ఎండలో బయట నిలబడే బండి మీద నెల దాటితే గొప్ప. సింథటిక్ సీలెంట్లు, సిలికా కలిపిన స్ప్రేలు మూడు నెలల దాకా లాగుతాయి. స్ప్రేని సగం తలుపుకు రెండు నొక్కులు మాత్రమే వేసి, ఒక గుడ్డతో పరిచి, వెంటనే ఇంకో పొడిగుడ్డతో తుడిచేయాలి. ఎక్కువ వేస్తే మెరుపు పెరగదు, జిడ్డు చారలు పడతాయి. నల్ల ప్లాస్టిక్ అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేసుకుంటే మంచిది, పేస్టు వ్యాక్సు తగిలి ఆరితే తెల్లగా మిగులుతుంది. అలా మిగిలినదానికి శెనక్కాయల వెన్న రాస్తారు, అందులోని నూనె వ్యాక్సును మెత్తబరుస్తుంది. మన జిల్లాకు తగిన చిట్కాయే, కానీ తర్వాత చీమల్ని తోలుకోవాలి. ఆల్ పర్పస్ క్లీనర్ 1 పాలుకు 10 పాళ్లు నీళ్లు కలిపి మెత్తటి పళ్ల బ్రష్షుతో రుద్దితే సరిపోతుంది.

పెయింటు మీద గట్టి పొరలా పట్టే సిరామిక్ కోటింగ్ గురించి ఒక్క మాట. దాని ప్రకటనల్లో చెప్పే 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనం కొలత, రాయి తగిలితే గీత పడదని కాదు. కోటింగ్ మీద నీళ్లు ముత్యాల్లా నిలబడతాయని వీడియోల్లో చూపిస్తారు. ఆ ముత్యం ఒక్కోటీ మన బోరు నీళ్ల చుక్క అయితే, ఆరాక ఒక్కో ముత్యం కింద చిక్కటి సున్నం మచ్చ. కోటింగ్ వేయించుకున్న వాళ్లు చివరి నీళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, తక్కువ కాదు.

టైర్లకు సిలికాన్ రకం నల్లగా తడిసినట్టు మెరుస్తుంది, మొదటి మట్టి రోడ్డుకే ఎర్రమన్నంతా దానికి పట్టి, ముందుకన్నా అధ్వాన్నం. పైగా తిరిగేటప్పుడు చిమ్మి తలుపుల కింద చుక్కలు పడతాయి. నీళ్ల ఆధారిత రకం తీసుకుని, టైరు గోధుమ రంగు పోయేదాకా ముందు బ్రష్షుతో కడిగి, పలచగా రాసి, పది నిమిషాల తర్వాత తుడిచేయాలి. అలాయ్ చక్రాల మీది గోధుమ చుక్కలు బ్రేకు ఇనుప రజను. ఐరన్ రిమూవర్ కొడితే ఊదారంగులోకి మారి కారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. చక్రం చల్లగా ఉండాలి, ఆరనివ్వకుండా నాలుగు నిమిషాల్లో కడిగేయాలి.

పిట్ట రెట్టను మధ్యాహ్నం దాకా ఉంచితే పెయింటు మీద దాని ఆకారం మిగులుతుంది. ఎండకు పైపొర మెత్తబడి, సాయంత్రం చల్లబడేటప్పుడు రెట్ట చుట్టూ బిగుస్తుంది, దాని ఆమ్లం కూడా తోడవుతుంది. తడి టిష్యూ కప్పి ఐదు నిమిషాలు నాననిచ్చి పైకెత్తాలి, తుడవకూడదు. కారులో ఒక చిన్న నీళ్ల స్ప్రే, ఒక గుడ్డ ఉంటే చాలు. కానుగ చెట్టు నీడ చల్లగా ఉంటుంది కానీ రెట్టలు, జిగట చుక్కలు రెండూ దాని కిందే. తారు చుక్కలకు టార్ రిమూవర్, లేదంటే కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడిచి షాంపూతో కడగాలి. కిరసనాయిలు తారును తీస్తుంది, దాంతో పాటు వ్యాక్సును తీసి, రబ్బరు బీడింగులను కూడా చెడగొడుతుంది.

దసరా ఆయుధ పూజ మరుసటి రోజు పని వేరే. పసుపు, కుంకుమ, విభూతిని పొడిగుడ్డతో తుడిస్తే తెల్ల కారు మీద ఎర్రటి చార పరుచుకుంటుంది. ముందు ఊది రాల్చి, నీళ్ల ధారతో వదిలించి, మిగిలినదానికి షాంపూ. పసుపు మరక మిగిలినా కంగారు పడి పాలిష్ పెట్టొద్దు, నాలుగు రోజుల ఎండకు అదే వెలిసిపోతుంది. నూనెలో తడిపిన కుంకుమ మొండిది, ఆల్ పర్పస్ క్లీనర్ కావాలి. పూలదండ కట్టిన తీగ, దారం బానెట్ మీద ఊగి గీస్తాయి, గుడి నుంచి రాగానే విప్పేయండి.

లోపలి పనిలో ఎక్కువ చెప్పడానికేం లేదు. ముందు వాక్యూమ్, తర్వాతే తడిగుడ్డ, ఈ వరుస తప్పితే దుమ్ము బురదవుతుంది. ఏసీ జాలీలకు అంగుళం పెయింటు బ్రష్షు. స్టీరింగ్ నల్లగా మెరుస్తుంటే అది చెమట, నూనె, 1కి 10 క్లీనర్‌తో మళ్లీ మసక రంగుకు వస్తుంది. డ్యాష్‌బోర్డుకు జిడ్డు మెరుపు పాలిష్ వేయొద్దు, మధ్యాహ్నం ఎండలో దాని నీడ ముందు గ్లాసులో పడి రోడ్డు కనిపించదు. మెరుపు లేని, యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాల) రక్షణ ఉన్న రకం అడిగి తీసుకోండి. పెడల్స్‌కు, స్టీరింగ్‌కు ఏ పాలిషూ వద్దు, కాలూ చెయ్యీ జారతాయి. టచ్ స్క్రీన్‌కు నీళ్లతో తడిపి పిండిన మైక్రోఫైబర్ తప్ప ఏమీ అక్కర్లేదు. కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్‌ను సర్వీసు దాకా ఆగకుండా మూడు నెలలకొకసారి తీసి చూడండి, మన దుమ్ముకు అది ముందే మూసుకుపోతుంది. హెడ్‌లైట్లు పసుపెక్కితే టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా కొన్ని వారాలే నిలుస్తుంది. పాడైన యూవీ పొరను తీసేసి కొత్తది వేయకుండా వదిలేస్తుంది కాబట్టి ఆ తర్వాత ఇంకా త్వరగా పచ్చబడతాయి. 1,000, 2,000, 3,000 నంబర్ల తడి సాండ్ పేపర్లు వరుసగా పట్టి, పాలిష్ చేసి, చివర యూవీ కోటింగ్ వేస్తేనే పని పూర్తయినట్టు.

అంతా అయ్యాక గుడ్డలు మిగులుతాయి. మైక్రోఫైబర్‌ను ఇంటి బట్టలతో కలపకూడదు, నూలు పోగులు పట్టుకుంటే వదలవు. గోరువెచ్చటి నీళ్లు, పౌడరు బదులు లిక్విడ్, కంఫర్ట్ లాంటి మెత్తదనం ద్రవాలు వద్దు, అవి పోగుల్ని పూత పూసి నీళ్లు పీల్చనివ్వవు. చక్రాల గుడ్డలు ఎప్పటికీ వేరే. బోరు నీళ్లలో ఉతికితే నాలుగైదు సార్లకే అట్టముక్కల్లా బిర్రబిగుస్తాయి, ఆ సున్నం పెయింటును గీస్తుంది. బక్కెట్టు నీళ్లలో అరకప్పు వెనిగర్ పోసి అరగంట నానబెట్టి, కొళాయి నీళ్లతో జాడిస్తే మళ్లీ మెత్తబడతాయి. ఆరేసేది మిద్దె మీద కాదు, గదిలో ఫ్యాను కింద. మిద్దె మీద ఒక్క సాయంత్రం గాలికి చాలు, కారు మీద నుంచి తీసిన ఎర్రదుమ్మంతా మళ్లీ వాటిలోకి చేరుతుంది.